రెండేళ్ల సందు

మే పదకొండు, పగటీలి రెండు గంటలకు
నా లాప్‌టాప్ సొమ్మసిల్లింది.
జీఎస్టీ రిటర్ను సగంల ఉన్నది.
ఫోన్ల పత్తిగింజల దుకాణం సేటు
"అయిందా మేడం, అయిందా" అంటున్నడు.
ఇంట్ల రెండర్రలు, ఐదుగురం, ఒక టీవీ.
నేను లెక్కలు రాసేది బియ్యం డ్రమ్ము మీద.

గప్పుడే అనుకున్న:
పెరట్ల సీతాఫలం చెట్టు పక్కన
ఎనిమిదడుగులకు పది.
నాకొక్కదానికే.

ఓదెలు మేస్త్రి వచ్చి, కాళ్లతోని కొలిచి
లక్షా ఇరవై అన్నడు.
ఛాయ తాపిచ్చి పంపిన.
నా కాడున్నది ఎత్తిన చిట్టి, ఇరవై రెండు వేలు,
ఇంకా ఆదివారాలు.

గౌసు భాయి కాడ పాత పైపులు కిలో లెక్క,
తుప్పు గీకుడు నా లెక్క.
హన్మకొండల కూలగొట్టిన దవాఖాన తలుపు
పన్నెండు వందలకు బేరం తెగింది.
దానికి గొలుసుతోని వేలాడే పలక ఉచితం:
"డాక్టరు గారు ఉన్నారు."
పక్కింటి ఉప్పలమ్మ అది చదివిచ్చుకొని
మోకాలు చూపియ్యనీకి వచ్చింది.

కొత్తవాడల షత్రంజీలు నేసే ఇండ్ల ముందల
తెగిన పోగులు సంచి పది రూపాయలు.
ఎర్రవి, పచ్చవి, ఏ పెండ్లి పందిట్లకో పోవాల్సిన రంగులు.
ఎండబెట్టి, ఎండిన వేపాకు కలిపి,
క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పొడి చల్లి
రెండు తడకల నడుమ కూరిన.
మీదికెళ్లి మట్టి, పెండ, సున్నం.
మా సహస్ర తన అయిదు వేళ్లూ అద్దింది
తడి ఆరకముందే.
తుడవలే.

తప్పంతా కప్పు కాడ చేసిన.
ఫ్రిజ్‌ల దుకాణం ఎనుక పారేసిన తెల్ల అట్టలు ఏరుకొచ్చి
రేకుకు గమ్‌తోని అంటబెట్టిన.
మూడో దినానికి అవి అప్పడాల లెక్క ముడుచుకొని
ఒక్కొక్కటే నెత్తి మీద పడ్డయి.
అర్ర నిండ కాలిన వాసన.

ఓదెలు గోడ మీదికెళ్లి తొంగి చూసి
"రెండేళ్ల సందు ఇడిశినవా?" అన్నడు.
రెండేండ్లా? అన్న.
"ఏండ్లు కాదమ్మా, ఏళ్లు!" అని
చెయ్యి లేపి చూపుడువేలు, నడిమివేలు
ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపెట్టిండు.
"రేకు కాలుతది, దాని గుణం.
అట్టకు అంటనియ్యకు.
నడుమ గాలిని పండనియ్యి."

పదహారేండ్ల సంది లెక్కలు రాస్తున్న.
పద్దుకు పద్దుకు సందు కనబడితే
ఆ రాత్రి నాకు కన్నంటదు.
ఈ సందుకు బిల్లు లేదు, జీఎస్టీ లేదు,
పని మొత్తం గదే చేస్తది.

ఆ రాత్రి ఇంట్ల
ఒక్కటే కూలర్ ముందట వరుసగ పండుకున్నం,
ఒకరి మోచెయ్యి ఒకరి పక్కటెముకల.
ఎవ్వలం చెడ్డోళ్లం కాదు మేము.
సందు లేదు, గంతే.

జూన్ రెండున
బయట నలభై నాలుగు, లోపట ముప్పై ఏడు.
సల్లగున్నదని అబద్ధం చెప్ప.
కానీ ఫ్యాన్ గాలి గాలి లెక్కనే తగిలింది,
రిటర్ను ఒక్క కూర్పున పూర్తయింది.

మొత్తం ఖర్చు ఇరవై నాలుగు వేల ఆరు వందలు.
మించిన పైసలు అత్తవి,
అడగకముందే కొంగు ముడి ఇప్పింది.
ఓదెలు పద్దు ఇంకా ఖాళీగనే ఉన్నది,
ఛాయ తప్ప ఏం ముట్టడు.

మొదటి వానకు ఒక స్క్రూ కాడ కారింది.
కింద చెంబు పెట్టిన.
టక్కు... టక్కు...
అంకెలు కూడేటప్పుడు అడ్డమొస్తది,
ఆదివారం దాంక ఓర్సుకోవాలె.

బయట చెప్పుల సప్పుడు.
ఎవరో నన్ను అడుగుతున్నరు.
గొలుసు గలగలమన్నది,
అత్త పలకను తిప్పుతున్నది.
దాని రెండో దిక్కు నేను ఎన్నడూ చూడలే:
"డాక్టరు గారు లేరు."